క్రీడావలోకనం: ఒక్క పరుగు తేడా

రాయపూర్‌లో స్థిరపడిన తెలుగువారమైన మాకు ఛత్తీస్‌గఢ్ రంజీ జట్టుపై అభిమానంతోపాటు అసహనమూ ఉన్నది. 2016 అక్టోబరులో రాంచీలో ఆడిన తొలి రంజీ మ్యాచ్‌లోనే, మహమ్మద్ కైఫ్ సారథ్యంలో, త్రిపురపై తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచిన జట్టు ఇది. ఆ ఆరంభానికి తగిన నిలకడ తరువాత కనబడలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే.

అయితే యంత్రం ఒక్కసారి ఎంత వేగం అందుకొన్నదని కాక, పూర్తి భారంపై ఎంతసేపు నిలిచినదని చూడడం మన వృత్తిలోని అలవాటు. 2024 ఫిబ్రవరిలో నవా రాయపూర్ స్టేడియంలో ముంబయితో జరిగిన మ్యాచ్ అటువంటి పరీక్ష. ముంబయి ప్రారంభ జోడీయే 244 పరుగులు చేసింది. అంతటితో ఆట అయిపోయిందనుకొనే తరుణమది! కాని ఆశిష్ చౌహాన్ ఆరు వికెట్లు తీయగా, ముంబయి 351 పరుగులకే ఆలౌటయింది. బదులుగా అమన్‌దీప్ ఖరే 143 పరుగులు చేశాడు. మన ఇన్నింగ్స్ 350 వద్ద ముగిసింది. మ్యాచ్ డ్రా అయినందున ఆ ఒక్క పరుగు ఆధిక్యానికి ముంబయికి మూడు పాయింట్లు, మనకు ఒకటి.

మరుసటి నెలలో ట్రోఫీ గెలిచినది ఆ ముంబయియే. బౌలర్లు పరీక్ష నెగ్గినట్లే మేము భావిస్తున్నాము. ఖరేకు తోడుగా రోజంతా నిలిచే మరొక బ్యాట్స్‌మన్ మాత్రం కావలసి ఉన్నది.