ముందు గడ్డి పేరు రాయండి

వానాకాలం చివర్లో రాయలసీమ మెట్టల్లో గడ్డి వెన్ను వేస్తుంది. ఏ గడ్డి ఏ జాతిదో పోల్చుకోవడానికి ఏడాది మొత్తమ్మీద ఇదే అదను. వెన్ను లేని గడ్డి జాతి చెప్పడం ఆరితేరినవారికీ కష్టమే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ అదనులోనే గడ్డి సర్వే మొదలుపెట్టాలి. అది పూర్తయ్యేదాకా బంజరు పేరుతో ఏ గడ్డినేలనూ ఎవరికీ కేటాయించకూడదు, మొక్కల కోసం అక్కడ గుంతలు తీయకూడదు.

కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) కలిసి 2019లో వెలువరించిన బంజరు భూముల అట్లాస్ దేశంలో 5.5 కోట్ల హెక్టార్లకు పైగా నేలను బంజరుగా లెక్కగట్టింది. అందులో పెద్ద వాటా పొదలూ గడ్డీ ఉన్న నేలలదే. కేంద్రం 2023లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకం కూడా ఇలాంటి నేలల్లో చెట్లు నాటమంటోంది. చెట్టు నీడ పడితే ఎండకు అలవాటుపడిన గడ్డి బతకదు. పచ్చదనం పెంచుతున్నామంటూ ఉన్న పచ్చదనాన్నే పెరికేయడం ఇది. సౌరవిద్యుత్తు కావాలి, అడవులూ కావాలి. వాటికి చోటు వెతికేటప్పుడు గడ్డినేలను ఖాళీ జాగాగా చూడటమే తప్పు.

రాయలసీమలోని రోళ్లపాడు ఏం చెబుతోందో చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ పొదలూ గడ్డీ ఉన్న ఆరు చదరపు కిలోమీటర్ల నేలను అభయారణ్యం చేశారు. ఆ పక్షికి కంచె లోపలి జాగా ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న గడ్డిబీళ్లూ కావాలి. అవి సాగులోకి పోయాయి. పిట్ట అక్కడ కనబడి ఏళ్లు గడిచాయి. పక్షి పోతే కనీసం వార్త అవుతుంది. దానితోపాటు ఏ గడ్డి పోయిందో అడిగితే జవాబు చెప్పే లెక్క ఉండాలి కదా! అరుదైనది ఏదో తేలాలంటే మామూలుది ఎంత ఉందో ముందు తెలియాలి.

ఇదేమీ అసాధ్యమైన పని కాదు. వృక్షశాస్త్రవేత్త రంగాచారి దక్షిణ భారత గడ్డిజాతులపై చేతిపుస్తకం తెచ్చింది 1921లో. ఇప్పటికీ పద్ధతి అదే: ఆకు కాడను చుట్టుకున్నచోట లోపలివైపు పల్చని పొర ఉందా, నూగు ఉందా చూడాలి. వెన్ను విడదీసి గింజ కొసన ముల్లును భూతద్దంలో పరీక్షించాలి. హెటిరోపోగాన్ కంటార్టస్ అనే గడ్డికి ఆ ముల్లు తడి తగలగానే మెలి విప్పుకుంటూ తిరిగి గింజను నేలలోకి దించుతుంది. గొర్రె బొచ్చులోకీ, చర్మంలోకీ అలాగే దిగుతుంది. అందుకే గొర్రెల కాపరి ఈ గడ్డిని లేతగా ఉన్నప్పుడే మేపి, ముదిరాక మందను అటు పోనివ్వడు. పుస్తకం చదవకుండానే ఆయనకు ఉన్న ఈ ఎరుకను ప్రభుత్వం వాడుకోవాలి.

చట్టం కొత్తగా చేయనక్కర్లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. వాటిలో గడ్డిజాతులకు విడిగా పేజీలు కేటాయించాలి. ప్రతి జాతికీ ఊళ్లో పిలిచే పేరు, శాస్త్రీయ నామం, దొరికిన చోటు రాసి, ఎండబెట్టిన నమూనాను విశ్వవిద్యాలయ హెర్బేరియంకు పంపాలి. అరుదని తేలిన గడ్డి ఉన్న నేలను బంజరు జాబితాలోంచి వెంటనే తీసేయాలి. కాపరులను సర్వే బృందాల్లో చేర్చుకుని, తిరిగిన ప్రతి రోజుకూ వాళ్లకు కూలి కట్టివ్వాలి.