రెండేళ్లు కళ్లు మూసుకుంటే చాలా?

మొన్న జూన్‌లో మా అన్నయ్య మనవణ్ణి ఇంటర్‌లో చేర్పించడానికి తోడు వెళ్లాను. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. తల్లిదండ్రులందర్నీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి ఒకాయన మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడాడు. ఆయన చెప్పిందంతా కలిపితే ఒక్కటే మాట. ఈ రెండేళ్లు పిల్లవాణ్ణి మాకు వదిలెయ్యండి. ఆట, పాట, స్నేహం, ఇంటి ధ్యాస పక్కన పెట్టి రెండేళ్లు కళ్లు మూసుకుని చదివితే చాలు, ఇక జీవితమంతా వాడికి ఢోకా లేదు. హాలంతా తలలూపింది. నా పక్క కుర్చీలో ఒక రైతు కూర్చున్నాడు. రెండెకరాల మీద అప్పు తెచ్చి ఫీజు కట్టానని అంతకుముందే చెప్పాడు. ఆయన నావైపు వంగి, "నిజమేనంటారా సార్?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు జవాబు తెలుసు. కట్టిన డబ్బు ఎలాగూ వెనక్కి రాదు, ఆయన మనసెందుకు కష్టపెట్టాలని "చూద్దాం లెండి" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మైకు దగ్గర మాట్లాడినాయన చెప్పినదాంట్లో ఒక సంగతి నేనూ ఒప్పుకుంటాను. పదహారేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల దాకా నడిచే కాలం మనిషిని మలుస్తుంది. పెద్దవయసు వాళ్లను జీవితంలో జరిగిన సంగతులు చెప్పమంటే, పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా పైకి వస్తాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు పదేపదే గమనించారు. ఇంట్లో అరవై దాటినవాళ్లను ఎవర్నైనా కదిపి చూడండి. గది అద్దె పంచుకున్న స్నేహితుడి గురించి చెబుతారు, ఫీజు కట్టలేనప్పుడు తన జేబులోంచి తీసిచ్చిన మాస్టారి గురించి చెబుతారు, అర్ధరాత్రి దాకా సాగిన వాదన గురించి చెబుతారు. నెలవారీ పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ వయసు మన మీద ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ర్యాంకుదేనని తేల్చెయ్యడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది.

ముందు ఆ "రెండేళ్లు" అన్న లెక్క చూద్దాం. ఇంటర్ అయ్యాక సీటు రాకపోతే లాంగ్ టర్మ్, వస్తే బీటెక్. అక్కడ బ్యాక్‌లాగులు లేకుండా గట్టెక్కితే చాలంటారు, తర్వాత ప్లేస్‌మెంట్, తర్వాత ఎమ్మెస్, ఆపైన వీసా. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి ఇదొక్కటి దాటితే చాలని చెబుతూనే ఉంటారు. రెండేళ్లని చెప్పి తీసుకున్నది పదేళ్లయినా తిరిగి ఇవ్వరు.

ఇక అసలు వాదన: మంచి ర్యాంకు వస్తే మంచి కాలేజీ, మంచి కాలేజీ అయితే మంచి జీవితం. స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఈ సంగతి మీద ఒక పరిశోధన ప్రచురించారు. 1976లో అమెరికా కాలేజీల్లో చేరిన విద్యార్థుల సంపాదన లెక్కలు తీశారు. పేరున్న కాలేజీల్లో చదివినవాళ్ల సంపాదన ఎక్కువేనని పైపైన చూస్తే కనబడింది. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. అంతే తెలివి ఉండి, అలాంటి కాలేజీలకే దరఖాస్తు పెట్టి, సీటు వచ్చి కూడా మామూలు కాలేజీలో చేరినవాళ్లను విడిగా లెక్కేశారు. వాళ్ల సంపాదన కూడా దాదాపు అంతే ఉంది. కాలేజీ ఖాతాలో వేసిన గొప్పతనంలో చాలా భాగం పిల్లవాడు వెంట తెచ్చుకున్నదేనన్నమాట. అమెరికా లెక్కలు మనకెందుకంటే, ఆ హాలు గోడల మీద వేలాడదీసిన బొమ్మలన్నీ అమెరికా కొలువులవే.

ఆ పరిశోధనలోనే నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటుంది. పేద కుటుంబాల పిల్లల విషయంలో మాత్రం కాలేజీ వల్ల తేడా కనిపించింది. అవతలివాళ్లు దీన్ని వెంటనే అందిపుచ్చుకుంటారు. పేదవాడికి ర్యాంకే దిక్కని మేం చెబుతున్నదీ అదేగదా అంటారు. వాళ్లన్నదాంట్లో నిజం లేదనను. కూలిపనికి వెళ్లే ఇంట్లోంచి ఒక అమ్మాయి ఇంజనీరైతే ఆ ఇంటి బతుకే మారిపోతుంది. అలాంటి ఇళ్లు నేను కళ్లారా చూశాను, ఆ పిల్లలకు కాగితాలు అటెస్ట్ చేసి ఇచ్చాను. ఆ రైతు చేసిన అప్పును తప్పుపట్టే హక్కు నాకు లేదు.

కానీ పేద పిల్లలకే ఎందుకు తేడా వచ్చిందన్నది అడగాలి కదా. నాకు తోచిన జవాబిది. వకీలు కొడుకుకు నలుగురితో మాట్లాడటం, పెద్దవాళ్ల ఎదుట కూర్చోవడం, ఏ కోర్సు చదివితే ఎటు వెళ్లొచ్చో తెలుసుకోవడం ఇంట్లోనే అబ్బుతాయి. కౌలు రైతు కొడుక్కి అవి దొరికే చోటు కాలేజీ ఒక్కటే. గ్రంథాలయంలో చేతికి తగిలిన పుస్తకం, వేరే జిల్లా నుంచి వచ్చిన పక్క మంచం అబ్బాయి, వరండాలో నిలబడి అడిగితే విసుక్కోకుండా చెప్పే లెక్చరరు, ఇవే వాడికి ఆస్తి. అలాంటివాణ్ణి తెల్లవారుజాము నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, పక్కవాడితో మాట్లాడితే నిలబెట్టి, నెలకొక్క ఔటింగ్‌తో సరిపెడితే, ఎవరికి కాలేజీ అవసరం అందరికంటే ఎక్కువో వాడికే కాలేజీ లేకుండా చేస్తున్నాం. ఈ అన్యాయం మీదే నాకు కోపం.

అధ్యాపకుడి విలువకూ ఒక లెక్క ఉంది. 2014లో గాలప్ సంస్థ, పర్‌డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 30,000 మందికి పైగా అమెరికన్ పట్టభద్రులను ప్రశ్నించాయి. చేస్తున్న పనిలో వాళ్లకు మనసు కుదిరిందా, సుఖంగా బతుకుతున్నారా అని అడిగితే, చదివిన కాలేజీ ఏ రకమన్నదానికి పెద్ద ప్రాధాన్యం కనబడలేదు. తనను ఒక మనిషిగా పట్టించుకున్న అధ్యాపకుడు, చదువు మీద ఇష్టం కలిగించిన అధ్యాపకుడు, కలలకు వెన్నుతట్టిన పెద్దదిక్కు దొరికినవాళ్లే పనిలో మనసు పెట్టగలిగినవాళ్లలో ఎక్కువగా కనిపించారు. సెక్షన్‌కి ఎంతమంది ఉన్నారో, అధ్యాపకుడు ఏడాది మధ్యలో ఎన్నిసార్లు మారాడో కాలేజీవాళ్లను అడగవలసింది ఇందుకే.

స్నేహాలతో కాలం వృథా అన్నారు కదా, దానికి విజయనగరం జవాబు చెబుతుంది. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అక్కడి మహారాజావారి పాఠశాలలో కలిసి చదువుకున్నారు. గురజాడ అదే ఊరి కాలేజీలో 1886లో బీఏ పూర్తిచేశారు. గిడుగు ఇంటి పరిస్థితి వల్ల 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా పట్టా తెచ్చుకున్నారు. దారులు వేరైనా చెలిమి తెగలేదు. తర్వాత వాడుక భాష కోసం పండితులతో తలపడవలసి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే వైపు నిలిచారు. బడి రోజుల స్నేహమే ఆ ఉద్యమానికి కారణమని నేననను. కానీ ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు, మీరు చదువుతున్న ఈ తెలుగు ఇలా ఉండటంలో ఆ ఇద్దరి పాలు ఉంది. (ఆ తెలుగునే రెండో భాషగా వద్దనుకుని, మార్కులు తేలిగ్గా వస్తాయని సంస్కృతం ఇప్పించే ఏర్పాటు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. సంస్కృతం మీద ప్రేమతో తీసుకునేవాళ్ల సంగతి వేరు.)

ఇక కాలేజీ వేసిన లెక్కే మనిషి విలువ అనుకునేవాళ్లు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. ఆ పట్టాతోనే 1923లో బోస్టన్ చేరారు. రెండేళ్లు తిరిగేసరికి ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, శరీరంలోని ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి రూపొందించారు. కండరాల శక్తి మీద పరిశోధన, ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తర్వాత వచ్చాయి. అలాంటి మహామేధావిని చూపించి అందరూ అలాగే అవుతారనడం న్యాయం కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. నేను చెప్పేదల్లా, ఆయన్ని ఎల్‌ఎంఎస్ దగ్గర ఆపిన లెక్క తప్పు లెక్క అని. అలాంటి లెక్కలతోనే ఈరోజుకీ పిల్లల్ని స్టార్ బ్యాచ్‌లోంచి కింది సెక్షన్‌కి దించుతున్నారు.

నా తరగతిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పూర్తి మార్కులతో ఒక అమ్మాయి బీఎస్సీలో చేరింది. మొదటి ల్యాబు రోజున అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, "సార్, మైక్రోస్కోపు నేనెప్పుడూ ముట్టుకోలేదు" అంది. రికార్డు ఎవరో రాసింది చూసి రాశామని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం గడ్డిచామంతి కాండాన్ని బ్లేడుతో పలచగా కోయడం నేర్పాను. మందంగా వచ్చింది, విరిగింది, వంకర పోయింది. ఏడో కోత పనికొచ్చింది. సఫ్రనిన్ రంగు చుక్క వేసి, గాజుపలక సర్ది, కటకం దగ్గర కన్ను పెట్టగానే, ఎర్రగా వలయంగా నిలబడిన నాళికాపుంజాలు చూసి "సార్, పుస్తకంలో బొమ్మ నిజమేనండీ!" అని అరిచింది. వరండాలో ఉన్న పిల్లలందర్నీ పిలుచుకొచ్చి చూపించింది. పరీక్ష లెక్కన ఆ మూడు గంటలకు ఒక్క మార్కు కూడా రాదు. ఆమె ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతోంది. ల్యాబులో పరికరాలు చాలకపోతే సొంత డబ్బుతో కొంటుందని తోటి ఉపాధ్యాయులు చెప్పారు.

ర్యాంకే జీవితమని పదహారేళ్ల పిల్లలకు రోజూ నూరిపోస్తే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో చూశాం. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మూడు లక్షలకు పైగా పిల్లలు తప్పారు. ఒక అమ్మాయికి తెలుగులో 99 రావలసిన చోట సున్నా వేశారు. ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత జవాబు పత్రాలు మళ్లీ చూస్తే 1,137 మంది పాసయ్యారు. ఆ తప్పులు యంత్రాంగానివి. వాటిని సరిదిద్దేదాకా ఆగలేనంత భారం ఆ పసిమనసుల మీద వేసింది మాత్రం మనమందరం.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. నలుగురిలో పిల్లల్ని అవమానించకూడదు. ఆ జూన్‌లో నేను కూర్చున్న హాల్లో, ఎవరిది ఏ బ్యాచో తేల్చే పరీక్ష ఎప్పుడో తేదీతో సహా ప్రకటించారు.

కాబట్టి ఆ రోజు పక్క కుర్చీలో కూర్చున్న రైతన్నా, నేను చెప్పవలసిన జవాబు ఇది. మైకు పట్టుకున్నాయన చెప్పింది నిజం కాదు. మీ అబ్బాయిని అక్కడి నుంచి తీసుకురమ్మని అనడం లేదు, అప్పు చేసి కట్టిన ఫీజు అది. మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం కౌన్సెలర్ పేరేమిటి, ఎప్పుడు కలవొచ్చు అని ఆఫీసులో అడగండి. ల్యాబు తాళం తీయించి చూపించమనండి. బ్యాచ్‌లు ఎందుకు విడగొడుతున్నారో కాగితం మీద రాసిమ్మనండి. ఆదివారం ఫోన్‌లో మీవాడితో మాట్లాడేటప్పుడు, మార్కుల సంగతికి ముందు, పక్క మంచం అబ్బాయిది ఏ ఊరో అడగండి.