"చదువుకున్నావు కదా, పెట్టెయ్!"

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. వార్డులో సిస్టర్ ఓ ముసలాయన్ని చూపించి "క్యాన్యులా పెట్టు" అందిట. "బొమ్మ చెయ్యి మీద తప్ప ఎప్పుడూ పెట్టలేదు సిస్టర్" అంటే, "చదువుకున్నావు కదా, పెట్టెయ్" అని వెళ్ళిపోయిందిట. ఇది మూడుసార్లు గుచ్చింది, నరం దొరకలేదు. చివరికి సిస్టరే వచ్చి పెట్టింది. సాయంత్రం మాత్రం లాగ్‌బుక్‌లో "స్వయంగా చేసింది" అన్నచోట సంతకం గీకేసింది. "ఆ తాత ఒక్క మాట కూడా అనలేదన్నయ్యా, అదే బాధగా ఉంది" అంది.

సిస్టర్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. నలభైమంది రోగులు, ఇద్దరు సిస్టర్లు, పైన పదిమంది విద్యార్థులు. నేర్పడం ఎలాగో ఆవిడకి ఎవరూ నేర్పలేదు, అందుకు టైమూ ఇవ్వలేదు.

"మాకెవరు నేర్పారు, మేమే నేర్చుకున్నాం" అనే సీనియర్లు మన ఆఫీసుల్లోనూ ఉన్నారు లెండి. కాకపోతే మన తప్పుకి టెస్ట్ సర్వరుంది, రోల్‌బ్యాక్ ఉంది. ఆ ముసలాయన చెయ్యి డైరెక్టుగా ప్రొడక్షన్ బాబూ!

బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ నర్సింగ్ కోర్సు 4600 గంటలు, అందులో సగం ప్రాక్టికల్ శిక్షణే. మెంటర్లు ఫెయిల్ చెయ్యాల్సిన విద్యార్థుల్ని కూడా పాస్ చేసేస్తున్నారని 2003లో కాథ్లీన్ డఫీ అనే పరిశోధకురాలు బయటపెట్టింది. 2008 నియమాల్లో మెంటర్‌కి శిక్షణ తప్పనిసరి అన్నారు. 2018లో ఇంకో అడుగు వేసి, ఒకే విద్యార్థికి నేర్పేవారూ పాస్ చేసేవారూ ఒకే మనిషి కాకూడదన్నారు. డెవలపర్ తన కోడ్‌ని తనే టెస్ట్ చేసి పాస్ అనుకోకూడదని మనకి ఎప్పట్నించో తెలిసిన ముక్కే కదా!

మన దేశంలోనూ 2009లో మెడికల్ కౌన్సిల్ వాళ్ళు మెడికల్ కాలేజీ టీచర్లకి బోధనలో శిక్షణ మొదలెట్టారు. మంచిదే. కానీ రాత్రి రెండింటికి విద్యార్థి పక్కన ఉండేది ప్రొఫెసర్ కాదే! డ్యూటీ సిస్టరూ, డ్యూటీ డాక్టరూ. మా చెల్లి వార్డులో సిస్టర్లకైతే అలాంటి శిక్షణ ఒక్క పూట కూడా లేదట.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ముందు చేసి చూపించడం, తర్వాత పక్కన నిలబడి చేయించడం, తప్పు చేస్తే రోగి ముందు పరువు తియ్యకుండా చెప్పడం, కళ్ళతో చూశాకే సంతకం పెట్టడం. వీటిల్లో శిక్షణ ఇవ్వండి. నేర్పే గంటల్ని డ్యూటీగా లెక్కెయ్యండి.

"స్టాఫే లేరు, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయండీ?" అంటారు. విద్యార్థుల దగ్గర ఫీజులు వసూలు చెయ్యడం కుదిరింది, వాళ్ళతో ఊరికే పని చేయించుకోవడం కుదిరింది. నేర్పడం దగ్గరికొచ్చేసరికే కుదరదా?

రేపు మీ నాన్నగారి మంచం దగ్గరికి కూడా ఓ కొత్త సిస్టర్ వస్తుంది. ఆ అమ్మాయి లాగ్‌బుక్‌లో అన్ని సంతకాలూ ఉంటాయి. వాటిల్లో చూసి పెట్టినవి ఎన్నో?