చేతి మహిమ కాదు మహాప్రభో!

మొన్న శనివారం ఒక మిత్రుడింట్లో భోజనాలు. అరటికాయ ఆవపెట్టిన కూర నోట్లో పెట్టుకుని ఒకాయన "ఎంతైనా మా అమ్మ చేతి మహిమ వేరండీ, ఆ రుచి ఇక్కడ రమ్మన్నా రాదు" అన్నాడు. కూర వండినావిడ పక్కనే నిలబడి ఉంది. మగాళ్ళమంతా తలలూపాం. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది, అందుకే ఈ గోల.

అసలు చేతిలో ఏముందండీ మహిమ? ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. దానికి కావలసిన సరుకు ఒకచోట, దాన్ని ఘాటుగా మార్చే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితే రెండూ కలుస్తాయి, అప్పుడు ముక్కు అదురుతుంది. బాగా వేడెక్కితే ఎంజైమ్ పని ఖతం. అందుకే పోపులో వేగిన ఆవాలు ఎన్ని నమిలినా ఏమీ కాదు (ఆ చిటపట ఉత్త భౌతిక మార్పే, లోపలి తేమ ఆవిరై గింజని పేలుస్తుంది). అవే ఆవాలు ఆవకాయలో కళ్ళనీళ్ళు పెట్టిస్తాయి. పుట్టిన ఘాటు కూడా వేడికి ఎగిరిపోయే రకం. "కూర దించి, కాస్త చల్లారాక ఆవ పెట్టాలిరా" అని మా అమ్మ అనేది ఇందుకే. ఎంజైమ్ అన్న మాట ఆవిడకి తెలీదు. ఏది ముందో, ఏది తరవాతో, తప్పితే ఏమవుతుందో తెలుసు. మేం ఆఫీసులో ఇదే పని చేస్తే డొమైన్ నాలెడ్జ్ అని గంటకింత అని బిల్లు వేస్తాం!

బ్రహ్మచారి రోజుల్లో కందిపప్పూ చింతపండు పులుసూ ఒకే గిన్నెలో పడేసి రెండు గంటలు ఉడికించాను. పలుకులు పలుకులుగానే ఉంది. పప్పు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. ఫోన్లో అమ్మ అడిగింది ఒకటే ప్రశ్న: "చింతపండు ఎప్పుడు వేశావు?" గింజలో కణాలని అతికి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే కరగడానికి మొండికేస్తుంది. డీబగ్గింగ్ అంటే అదీ.

ఉల్లిపాయలు ఎర్రబడటం వెనకున్న ముఖ్యమైన చర్యకి, 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరు పెట్టారు. మంచిదే, ఆయన కష్టపడ్డాడు. నీరు ఇగిరేదాకా ముక్క వేడి 100 డిగ్రీలు దాటదని, అందాకా రంగు రాదని, మూత పెడితే ఇంకా ఆలస్యమని రోజూ పొయ్యి దగ్గర గమనించి నేర్చుకున్న వాళ్ళకి మాత్రం "మహిమ" అని ఓ సర్టిఫికెట్టు.

ప్రేమగా అన్న మాటని పట్టుకుని పీకుతావేమిటి అంటారేమో. ప్రేమే, కాదనను. కానీ మహిమ అనేస్తే మనకెంత సుఖమో చూడండి! విద్య అంటే నేర్చుకోవాలి. మహిమైతే కంచం ముందు కూర్చుంటే చాలు.

వచ్చే శనివారం భోజనాలు మా ఇంట్లో. అరటికాయ తరిగేది నేనే. ఆవ ఎంత నూరాలో ఆవిడకే ఫోన్ చేసి అడిగాను. నేను రాసుకోవడం మొదలుపెట్టేసరికి నవ్వారు.