కామిక్ చదవండి, బొటనవేలు మాత్రం ఇవ్వకండి



ఈ మధ్య మన పిల్లలు అడుగుతున్న మాట ఒకటుంది. "అన్నా, కాలేజీలో క్రియేటివ్ రైటింగ్ ప్రాజెక్టు ఇచ్చారు. పురాణాల నుంచి ఒక పాత్రను తీసుకొని సొంతంగా కథ రాయాలట. ముందు పురాణాల కామిక్స్ చదువుకొని రమ్మన్నారు. చదవాలా, వద్దా?"

చదవండి. చందమామ 1947లో వచ్చింది, అమర్ చిత్ర కథ 1967లో వచ్చింది. దేవుడి ముఖం ఎట్లుంటది, రాక్షసుడి ముఖం ఎట్లుంటది అని ఈ దేశంలో తరతరాల పిల్లలు నేర్చుకున్నది ఇలాంటి బొమ్మల నుంచే. మన గురించి పక్కవాడి బుర్రలో ఏ బొమ్మ ఉందో తెలియాలంటే అవి చదవాల్సిందే. కానీ ఎవరి పక్కన కూర్చొని చదువుతున్నారు? అసలు గొడవ అక్కడుంది.

ముందు మాటలు వదిలేసి ఒట్టి బొమ్మలు చూడండి. రాజులు, మునులు ఎక్కువగా పచ్చని ఒంటితో, నున్నటి ముఖంతో ఉంటారు. రాక్షసుడంటే నల్లటి ఒళ్లు, కోరలు, చింపిరి జుట్టు. ఉండేది ఎక్కడ? అడవిలో. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసీ తెగ ఉంది. రాయి కరిగించి ఇనుము తీసిన జాతి. దసరాకు ఊరంతా సంబరం చేసుకుంటుంటే వాళ్లలో చాలామంది మహిషాసురుణ్ణి తమ పూర్వీకుడని తలచుకొని ఏడుస్తారు. ఆ ఇంటి పిల్ల చేతిలో ఈ కామిక్ పెట్టి "చదువమ్మా, ఐడియాలొస్తాయి" అంటే ఆ పిల్ల ఏ పాత్రలో దూరాలి? చంపినవాడిలోనా, చచ్చినవాడిలోనా?

ఏకలవ్యుడి కథ మీకు తెలుసు. నిషాదుల రాజు హిరణ్యధన్వుని కొడుకు. చదువు చెప్పనన్న ద్రోణుడే ఫీజు మాత్రం అడిగాడు, అదీ కుడిచేతి బొటనవేలు. ఈ కథకు బడిలో పెట్టిన పేరు గురుభక్తి. మనం పెట్టాల్సిన పేరు వేరే. ఆ తర్వాత ఏమైందో ఎంతమందికి తెలుసు? భారతం ద్రోణ పర్వంలో ఘటోత్కచుడు చనిపోయిన రాత్రి పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. వీణ్ణి కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది అంటాడు. ఏకలవ్యుణ్ణి చంపిందీ తానేనని చెప్పేది ఆ సందర్భంలోనే. మాయాబజార్‌లో మనం చప్పట్లు కొట్టిన ఘటోత్కచుడు, వేలు పోగొట్టుకున్న ఏకలవ్యుడు, ఇద్దరి లెక్కా ఒకే పద్దులో తేలిపోయింది. మీరు చదివే కామిక్‌లో ఈ మాటలున్నాయేమో వెతకండి.

లక్క ఇల్లు కాలిన బొమ్మ కూడా చూడండి. పాండవులు సొరంగంలోంచి తప్పించుకుంటారు, మనం ఊపిరి పీల్చుకుంటాం. మరి పొద్దున బూడిదలో దొరికిన ఆరు శవాలు ఎవరివి? కుంతి పెట్టిన విందుకు అయిదుగురు కొడుకులతో వచ్చి, తిని, తాగి, అక్కడే నిద్రపోయిన నిషాద స్త్రీవి, ఆమె పిల్లలవి. ఆమెకు పేరు కూడా లేదు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ఈ ఒక్క సంగతి పట్టుకొని, ముసలి కుంతిని ఒక నిషాద స్త్రీ నిలదీసే కథ రాసింది. క్రియేటివ్ రైటింగ్ అంటే అదీ!

ఖాండవ వనమూ అంతే. అగ్నికి ఆకలేసిందని అడవిని, అందులోని ప్రాణులన్నిటినీ తగలబెట్టారు. పారిపోబోయిన వాటిని బాణాలతో కొట్టారు. తప్పించుకున్నవాళ్లలో ఒకడైన మయుడు పాండవులకు సభ కట్టిపెట్టాడు. అడవి పోయింది, మేడ లేచింది. 2014లో పోలవరం కోసం మన ఏడు మండలాలను ఒక రాష్ట్రం నుంచి తీసి ఇంకో రాష్ట్రంలో కలిపారు. కూనవరం దగ్గర శబరి, గోదావరి కలిసే చోట నిలబడి ఆ పేజీ చదివితే అది పాత కథలా అనిపించదు.

"పురాణం మార్చకూడదు, మనోభావాలు దెబ్బతింటాయి" అని ఎవరైనా అంటారు. శబరినే చూపించండి. ఎంగిలి పండ్ల ముచ్చట వాల్మీకి రామాయణంలో లేదు. తర్వాతి కాలం వాళ్లు కలిపారు, జనం అందంగా ఉందని నమ్మారు. అంటే కథను ఎప్పుడూ మారుస్తూనే ఉన్నారు. వాళ్లు మారిస్తే భక్తి, మనం ప్రశ్నిస్తే అపచారమా?

ఇంకో మాట. బొమ్మల కథ మనకు కామిక్స్ వాళ్లు నేర్పింది కాదు. మన డోలి కోయలు పట్టుకొచ్చే పడిగె ఏంటి? గుడ్డ మీద గోత్రాల కథ, వేల్పుల కథ బొమ్మలుగా ఉంటుంది. డోలు కొడుతూ ఆ కథ పాడతారు. ఆదిలాబాద్‌లో ప్రధానులు కిక్రి వాయిస్తూ గోండుల పెర్సాపేన్ల కథలు చెబుతారు. మధ్యప్రదేశ్‌కు చెందిన ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ 2011లో అంబేద్కర్ జీవితాన్ని "భీమాయన" అనే బొమ్మల పుస్తకంగా తెచ్చారు. మామూలు కామిక్స్‌లో ఉండే చతురస్రపు గళ్లు వాళ్లు వేయలేదు. తమ ఇంటి గోడల మీది ముగ్గుల గీతలతోనే పేజీలు విడగొట్టారు. మన గీతతో మన కథ చెప్పొచ్చని రుజువైపోయింది.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ప్రాజెక్టుకు కూర్చునే ముందు రెండు పనులు చేయండి. కామిక్‌లో పేరు లేని మనిషిని, చచ్చిన మనిషిని, మూలన నిలబెట్టిన మనిషిని వెతికి పట్టుకోండి. మీ కథ అక్కడ మొదలవ్వాలి. తర్వాత ఊరికి పోయి, పాట తెలిసిన తాతను గానీ అవ్వను గానీ అడిగి ఒక్క కథైనా వినండి, రాసుకోండి. వాళ్లు పోతే ఆ కథ ఏ లైబ్రరీలోనూ దొరకదు.

సార్లకూ, మేడమ్‌లకూ ఒక మాట. ఏకలవ్యుడి పేరుతో మన పిల్లలకు గురుకులాలు నడుస్తున్నాయి, మంచిదే. ఆ పిల్లలకు ఇచ్చే పుస్తకాల జాబితాలో ఒక పడిగె కథ కూడా పెట్టండి. వేలు అడగకుండా చదువు చెప్పడమంటే అదే.

మార్కులు రెండు తగ్గితే తగ్గనీయండి. పెన్ను పట్టుకోవడానికి కూడా ఆ బొటనవేలే కావాలి. దాన్ని ఎవరికీ ఇవ్వకండి.

జై ఆదివాసీ!