అరుంధతి కనిపించలేదు గానీ చుక్కలు కనిపించాయి

మే నెలలో మా మేనత్త కూతురి పెళ్లి. గుడివాడ పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. పదకొండున్నర ముహూర్తం. తలంబ్రాలూ అవీ అయ్యాక పంతులుగారు అరుంధతీ నక్షత్రం చూపించడానికి జంటను బయటికి తీసుకెళ్లారు. మిట్టమధ్యాహ్నం నక్షత్రం ఏంటని అడక్కండి, మన పెళ్లిళ్లలో అది మామూలే. బయట ఫొటోల కోసం వేసిన పచ్చటి లాన్. ఇద్దరూ చెప్పుల్లేకుండా దాని మీద కాలు పెట్టారు. రెండో అడుగుకే పెళ్లికొడుకు ఎగరడం మొదలెట్టాడు. డాన్స్ అనుకుని కెమెరామెన్ ఇంకా దగ్గరికెళ్లి తీశాడు.

అందరం నవ్వుకున్నాం. కానీ వాళ్ల వెనకే పరిగెత్తిన మా అక్క కొడుక్కి ఎగరడం రాదు. నడక వచ్చి ఆర్నెల్లే అయింది. ఉన్నచోటే నిలబడి ఏడ్చాడు. ఎత్తుకుని చూస్తే రెండు అరికాళ్లూ బొబ్బలు. భోజనాల టైముకి మేం ఆసుపత్రిలో ఉన్నాం.

అది గడ్డి కాదు, ఆర్టిఫిషియల్ టర్ఫ్. ప్లాస్టిక్.

అసలు ట్విస్ట్ ఆ సాయంత్రం. అవనిగడ్డలో మా బాబాయికి చిన్న ఫంక్షన్ హాలుంది. "ఒరేయ్ ఇంజినీరూ, నేను కూడా అదే వేయిద్దామనుకుంటున్నా, మూడు లక్షలకి కొటేషన్ ఇచ్చారు, చూసిపెట్టు" అన్నాడు. నేను రాసేది జావా కోడ్. కానీ మన ఊళ్లలో ఇంజినీర్ అంటే మోటారు దగ్గర్నుంచి మూన్ మిషన్ దాకా అన్నీ తెలిసుండాలి. సరే అని కూర్చుని చదివా.

మామూలు గడ్డికి చెమట పడుతుంది. వేళ్ల నుంచి తాగిన నీటిని ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతుంది, ఆ పనిలో వేడిని ఖర్చు పెట్టేస్తుంది. ప్లాస్టిక్ పోచకి ఆ సదుపాయం లేదు, పడ్డ ఎండంతా తనే పట్టుకుంటుంది. అమెరికాలో యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో తమ ఆటస్థలంలో కొలిచారు. టర్ఫ్ 79 డిగ్రీల దాకా వేడెక్కింది. గాలి వేడి కాదు, టర్ఫ్ పైభాగం వేడి. నీళ్లు కొడితే 29కి దిగింది. ఐదు నిమిషాలకి 49. ఇరవై నిమిషాలకి మళ్లీ 73!

బాబాయికి కొటేషన్ ఇచ్చినాయన కూడా "వేడిగా ఉంటే కాస్త నీళ్లు చల్లండి సార్" అన్నాడట. దివిసీమలో, మే నెలలో! కాల్వలు కట్టేశాక తాగునీటి చెరువులో ఉన్నదే మన నీళ్లు. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పు. ఆ ఉప్పునీళ్లు చల్లితే ఆరాక పోచల మీద తెల్లగా పేరుకుంటుంది. ట్యాంకర్ తెప్పించి ప్లాస్టిక్‌కి స్నానం చేయించడం మనస్సాక్షి ఉన్నవాడు చేసే పని కాదు.

అలాగని టర్ఫ్‌ని తిట్టిపోయడం కూడా కరెక్ట్ కాదు. 1966లో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో ఇది వేసింది సరదాకి కాదు. పైకప్పు అద్దాల మెరుపుకి ఆటగాళ్లకి బంతి కనపడట్లేదని అద్దాలకి రంగేస్తే, వెలుతురు లేక లోపలి గడ్డి చచ్చిపోయింది. అంటే ఇది నీడపట్టున పుట్టి పెరిగిన వస్తువు. మనం తెచ్చి రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో పడేశాం. బందరు, గుడివాడల్లో బాక్స్ క్రికెట్ ఆడే మీకు ఇది చెప్పక్కర్లేదు. పొద్దుగూకాక ఫ్లడ్ లైట్ల కింద అదే టర్ఫ్ హాయిగా ఉంటుంది, సిమెంటు కంటే త్వరగా చల్లారుతుంది కూడా. మధ్యాహ్నం స్లాట్ సగం రేటుకి ఎందుకు ఇస్తారో ఇప్పుడర్థమైందా?

ఇంకో సంగతి నన్ను బాగా భయపెట్టింది. హాలు ముందువైపు బాబాయి అద్దాల ఎలివేషన్ పెట్టించాడు. కొన్ని రకాల అద్దాల మీద పడి తిరిగొచ్చే ఎండ ఒకేచోట పడితే టర్ఫ్ పోచలు కరిగి ముద్దైపోతాయి. ఇక బారాత్‌లో టపాసుల నిప్పురవ్వలు పడితే ఎక్కడికక్కడ చిల్లులే.

కింద నేల సంగతి కొటేషన్‌లో ఒక్క ముక్క లేదు. మనది నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఇసక చల్లి పైన పరిచేస్తే రెండేళ్లకి లాన్ కాస్తా ఒంటె వీపులా తయారవుతుంది. మట్టి తవ్వి, కంకర పోసి, రోలర్ తొక్కించి, నీళ్లు పోయే వాలు పెట్టాలి. ఇదంతా కలిపితే ఆ మూడు లక్షలు ఎక్కడాగేదో నేను లెక్క కట్టలేదు, బాబాయి మొహం చూసి ఆపేశా.

"మరి గరిక బతుకుతుందంటావా ఇక్కడ?" అన్నాడు చివరికి. వినాయకుడికి పెట్టే గరికే, కొంత ఉప్పుని కూడా తట్టుకుంటుంది. నీళ్లు దానికీ కావాలి, కాదనను. చేతులు కడిగే నీళ్లు మళ్లించొచ్చు, కానీ ఆ పైపులకి మళ్లీ ఖర్చు. పిన్ని మాత్రం ఒకే మాట అంది: "పిల్లాడి కాళ్లు చూశాక కూడా ఇంకా లెక్కలేంటండీ?"

చివరికి ఆర్డర్ తగ్గింది. రేకుల షెడ్డు కింద సెల్ఫీ పాయింట్ దగ్గర మాత్రం టర్ఫ్. ఎండ పడే చోట గరిక. హాలు గుమ్మం నుంచి ముందు స్థలం దాకా షామియానా, కింద తివాచీ, అరుంధతి కోసం. గరిక ఇంకా పూర్తిగా అల్లుకోలేదు, మధ్యమధ్యలో బట్టతలలా ఉంది. రోజూ వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఇది బతికినట్టేనా?" అని అడుగుతున్నాడు బాబాయి. వచ్చే వైశాఖానికి తొమ్మిది పెళ్లిళ్లు బుక్ అయ్యాయట. అందులో ఆరు పగటి ముహూర్తాలే.