బాపు ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నాడు?



కొంతకాలం క్రితం మా ఓపీకి అరవై దాటిన ఒక పెద్దాయన వచ్చారు. (ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చి రాస్తున్నాము.) రెండేళ్లుగా అదుపులో ఉన్న షుగరు ఒక్కసారిగా మూడు వందలు దాటింది. మందులు మానేశారా అంటే లేదన్నారు. భార్య చనిపోయి మూడేళ్లయింది. కొడుకు పుణెలో మేస్త్రీ పని, బిడ్డ హైదరాబాదులో కాపురం. కాసేపటికి తలుపు దగ్గరకు వేయమని చెప్పి, "సారూ, నిద్ర పడ్తలేదు. డెబ్బై వేలు పోయినయ్. ఎవ్వరికి చెప్పుకోవాలె?" అన్నారు.

కొడుకు కొనిచ్చిన టచ్ ఫోనులో పెళ్లి సంబంధాల యాప్ ఒకటి పెట్టుకున్నారట. లండన్‌లో నర్సునని, భర్త పోయాడని చెప్పిన ఒకామె పరిచయమైంది. మూడు నెలలు పొద్దున, రాత్రి మాటలు. తరువాత బహుమతి పంపించానన్నది. రెండు రోజులకు ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచి అంటూ ఫోను వచ్చింది. పార్సెల్‌లో బంగారం, విదేశీ డబ్బు ఉన్నాయి, పన్ను కట్టకపోతే కేసు అవుతుందన్నారు. మూడుసార్లు కట్టారు. బ్యాంకులో గుమస్తా ఎందుకని అడిగితే బిడ్డ ఆపరేషన్‌కని అబద్ధం చెప్పారు.

"ఆమె రోజూ తిన్నరా, గోలీలు వేసుకున్నరా అని అడిగేది సారూ" అన్నారు. భార్య పోయాక ఆ మాట ఆయనను ఎవరూ అడగలేదు.

ఇలాంటిది విన్నప్పుడు మన ఇళ్లలో మొదట వచ్చే మాట మనకు తెలుసు. ఈ వయసుల గిదేం పని, నలుగురికి తెలిస్తే ఏమంటరు? మేము ఇక్కడే విభేదిస్తున్నాము. ఆయన తోడు కోరుకోవడంలో తప్పు లేదు. ఆ కోరిక ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేకపోయారు, మోసగాడికి కావలసింది సరిగ్గా అదే. బిడ్డ పక్కన కూర్చుని ఉంటే కస్టమ్స్ మాట వినగానే ఫోను లాక్కునేది.

ఒంటరితనం మనసుకు సంబంధించిన సంగతే అనుకుంటాము. వైద్యులు అలా అనుకోవడం మానేసి చాలా కాలమైంది. భార్యను పోగొట్టుకున్న, 55 ఏళ్లు నిండిన 4,486 మంది పురుషులను గమనించిన బ్రిటన్ పరిశోధకులు 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తమ లెక్క ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లో వారిలో 213 మంది చనిపోయారు. అదే వయసు వివాహితులతో పోల్చితే అది 40 శాతం ఎక్కువ. తీవ్రమైన దుఃఖంలో గుండె ఎడమ గది ఉబ్బి, గుండెపోటులాగే కనిపించే జబ్బును 1990లో జపాను వైద్యులు మొదట వర్ణించారు. అది ఎక్కువగా నెలసరి ఆగిన స్త్రీలలో వస్తుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. మా దగ్గరకు వచ్చే పెద్దలలో ఇది "ఆకలైతలేదు", "కాళ్లు గుంజుతున్నయ్" అనే మాటలతో బయటపడుతుంది. ఒక్కరి కోసం ఏం వండుకుంటామని పొద్దుటి అన్నమే రాత్రికి తినేవారికి షుగరు అదుపులో ఉంటుందా?

పాత పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ బాధ మరికొంత ఎక్కువ. పాలమూరు వలస ఎప్పటినుంచో ఉన్నదే, పిల్లలు ముంబైకి, పుణెకు, హైదరాబాదుకు పోతారు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. లేచి నాలుగడుగులు వేయాలన్నా ఒక చేయి ఆసరా కావాలి.

మారుమనువు అన్న మాట మన పల్లెలకు కొత్త కాదు. కానీ అది ఎవరికి? నలభై ఏళ్ల మగవాడికి భార్య పోతే ఏడాది తిరగకముందే చుట్టాలే సంబంధం తెస్తారు, పిల్లలను ఎవరు చూస్తారంటారు. యాభై దాటిన స్త్రీకైతే ఆ పిల్లలనే అడ్డం చూపిస్తారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పోరాటమంతా చిన్నతనంలోనే భర్తలను పోగొట్టుకున్న ఆడపిల్లల కోసం. తల నెరిసినవారి సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఎన్.ఎం. రాజేశ్వరి గారు 2010లో హైదరాబాదులో "తోడు నీడ" అనే సంస్థను మొదలుపెట్టి, ఒంటరి పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి పరిచయాలు చేయిస్తూ వచ్చారు. అక్కడ పెళ్లి లేకుండా కలిసి ఉండాలనుకునే వారూ కనిపిస్తారు. సంఘ కుటుంబాలకు అది సమ్మతం కాదు, మాకూ కాదు. అయితే నలుగురి మధ్య, ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే ఆ పద్ధతి మాత్రం ఫోనులో చీకటి మాటల కన్నా ఎంతో మేలు. మన సంఘాల్లో స్త్రీల సమాజం ఉంది, యౌవనుల కూటం ఉంది. భార్యాభర్తలను పోగొట్టుకున్నవారు కలుసుకునే కూటం ఎందుకు ఉండకూడదు? భర్త చనిపోయిన స్త్రీ తిరిగి పెళ్లి చేసుకోవచ్చని మొదటి కొరింథీయులు ఏడవ అధ్యాయంలో పౌలు స్పష్టంగానే రాశాడు. వయసు పరిమితి పెట్టలేదు.

పిల్లల భయం ఎక్కువగా ఆస్తి గురించే. బయటకు పరువు అంటారు, లోపల ఉన్నది రెండెకరాలు. ఆ భయం ఊరికే కొట్టివేయవలసింది కూడా కాదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం 69వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాసినవారు ఆ తరువాత పెళ్లి చేసుకుంటే పాత వీలునామా దానంతట అదే రద్దవుతుంది. (హిందువుల వీలునామాకు ఈ నియమం లేదు.) పెళ్లయ్యాక కొత్తది రాయకుండా తండ్రి చనిపోతే, మూడింట ఒక వంతు రెండో భార్యకు, మిగతా రెండు వంతులు పిల్లలకు పోతాయి. కాబట్టి పెళ్లి తరువాత వెంటనే మళ్లీ వీలునామా రాయాలి, పిల్లలకు ముందే చెప్పి రాయాలి. శారా పోయాక కెతూరాను పెళ్లాడిన అబ్రాహాము, తాను బతికుండగానే ఎవరికి ఏమి ఇవ్వాలో ఇచ్చి పంపివేశాడు. ప్రభుత్వ ఉద్యోగి భార్యగా కుటుంబ పింఛను తీసుకుంటున్న స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే సాధారణంగా ఆ పింఛను ఆగిపోతుంది. ట్రెజరీలో అడిగి తెలుసుకున్నాకే తేదీ పెట్టుకోవాలి.

ఇక ఫోను సంగతి. పెళ్లి సంబంధాల సైట్లు సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2016లో సూచించింది. అయినా పత్రం ఇచ్చినవారూ, మీతో మాట్లాడుతున్నవారూ ఒకరేనని ఎవరు చెప్పాలి? అవతలివారి భర్త లేక భార్య మరణ ధృవీకరణ పత్రం అడగండి. అడిగితే కోపగించుకునే వారితో మాటలు అక్కడే ఆపండి. వాళ్ల ఊరికి పోయి, వాళ్ల పిల్లలతో మాట్లాడి రండి. కస్టమ్స్ వారు ఫోను చేసి ఎవరి సొంత ఖాతాలోనో డబ్బు వేయమనరు. వీడియో కాల్‌లో బట్టలు తీయమన్నవారు దానిని రికార్డు చేసి బెదిరించడానికే. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ గంటలోనే 1930కి ఫోను చేయాలి. తొందరగా చెబితే డబ్బు చేతులు మారకముందే ఖాతాను ఆపే అవకాశం ఉంటుంది.

వైద్యులుగా మరొక మాట. సంబంధం కుదిరితే ఇద్దరూ షుగరు, బీపీతో పాటు హెచ్ఐవి, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. ఇందులో అవమానం లేదు. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర, అంటే నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్ వంటి మాత్రలను మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది. ఇది అడగడానికి సిగ్గుపడి ఎవరూ అడగరు గనుక మేమే రాస్తున్నాము.

మొదట చెప్పిన పెద్దాయన చేత ఆ రోజే 1930కి ఫోను చేయించాము. అప్పటికే నెల దాటింది, డబ్బు రాలేదు. బిడ్డను పిలిపించాము. వచ్చీ రాగానే గట్టిగా కోప్పడింది, తరువాత ఏడ్చింది. రెండు నెలలకు ఇద్దరూ కలిసి వచ్చారు. షుగరు నూట అరవైకి దిగింది. ఫోను బిడ్డ చేతిలో ఉంది.

"మిర్యాలగూడ దిక్కు ఒక సంబంధం ఉన్నది సారూ. ఫోటో మంచిగనే ఉన్నది" అన్నారు పెద్దాయన. "గని ఫస్టు ఆమె కొడుకుతోటి నేను మాట్లాడ్త అంటున్నది మా బిడ్డ."